పొయ్యి ఉన్న వార్డు

ఉదయం ఎనిమిదింటికి కొలతలవాళ్ళు వెనక సందులోకి వచ్చేసరికి మేస్త్రి వంటింటి గడప మీద కూర్చుని టీ తాగుతున్నాడు. టీ చల్లారి చాలాసేపయింది. పైన మీగడ కట్టి, గ్లాసు వంచినప్పుడల్లా పెదవికి అంటుకుంటోంది. ఆయన దాన్ని తుడుచుకోలేదు.

భార్య పోయి ఏడు నెలలు. ఈ ఏడు నెలల్లో ఆయన ఏడవలేదు, పనికి పోలేదు, ఎవరితోనూ గొడవపడలేదు. పెట్టింది తిన్నాడు, పిలిస్తే పలికాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు గుమ్మం దాటగానే "మనిషి రాయైపోయాడు" అనుకునేవాళ్ళు. నలభై ఏళ్ళు రాళ్ళతో పనిచేసినవాడు కాబట్టి ఆ మాట తప్పని ఆయనకు తెలుసు. రాయి ఎండకు వేడెక్కుతుంది. సుత్తితో కొడితే పలుకుతుంది. లోపల పగులుంటే ఆ పలుకులోనే తెలిసిపోతుంది. తనలో ఆపాటి పలుకు కూడా లేదు.

ఇంట్లో ఇప్పుడు ఇద్దరే, ఆయనా ఆయన చెల్లెలూ. చెల్లెలు దర్జీ. వదిన మంచం పట్టిందని తెలిసి రెండేళ్ళ కిందట కుట్టుమిషనుతో సహా వచ్చింది, మరి వెళ్ళలేదు. ఒంటరి మనిషి, చేతిలో పని, నోట్లో మాట ఉన్న మనిషి. వచ్చిన ఆరు నెలలకే వీధిలోని ఆడవాళ్ళను వెంటేసుకుని మునిసిపల్ ఆఫీసు మెట్లెక్కింది. ఇవాళ వీధి చివర దీపం వెలుగుతోందన్నా, చెత్తబండి రోజు విడిచి రోజైనా వస్తోందన్నా ఆమె చలవే. ఈసారి ఎన్నికల్లో తొమ్మిదో వార్డు ఆడవాళ్ళకు వచ్చిందని తెలిసిన రోజున ఎదురింటి ముసలమ్మ దగ్గర్నుంచి మూలమీద ఇస్త్రీ చేసే ఆమె దాకా అందరూ వచ్చి మిషను చుట్టూ కూర్చున్నారు. "నువ్వు నిలబడకపోతే మేం ఓటే వెయ్యం" అన్నారు. చెల్లెలు కుట్టు ఆపకుండానే "సరే" అంది. ఆ రోజు ఆమె కుట్టిన జాకెట్టుకు ఒక చెయ్యి తిరగబడింది. మళ్ళీ విప్పి కుట్టాల్సి వచ్చింది. చెల్లెలు కుట్టు విప్పడం మేస్త్రి అంతకుముందు చూడలేదు.

చిక్కు ఒక్కటే. ఏ వార్డులో ఓటుంటే ఆ వార్డులోనే నిలబడాలి. వార్డుల హద్దులేమో మారుతున్నాయి. ఇన్నాళ్ళూ వీధికి ఈ పక్కా ఆ పక్కా, వెనక సందు అవతలా అంతా తొమ్మిదే. ఇప్పుడు జనం పెరిగారని దాన్ని రెండు చేశారు. వెనక సందులో మూతరాళ్ళు కప్పిన మురుగుకాలువ ఉంది. కాలువకు వీధి వైపు తొమ్మిది, అవతల వైపు పది. ఇవాళ కొలతలు వేసి, సాయంత్రం ఐదింటికి జాబితా మూసేస్తారు. మేస్త్రి ఇల్లు కాలువకు వీధి వైపే ఉంది. కాబట్టి ఎవరికీ ఏ దిగులూ లేదు.

మేస్త్రికి కూడా దిగులు లేదు. ఆయనకు తెలిసిన సంగతి ఒకటి ఉంది గానీ, అది దిగులుగా మారడం లేదు.

కొలతలకు వచ్చినవాళ్ళు ముగ్గురు. సర్వేయరు ముప్పై దాటని మనిషి, చంకలో పటం చుట్ట, బూట్లకు దుమ్ము అంటకుండా నడిచే రకం. టేపు పట్టుకునే ఆయన ఉద్యోగం ముగియడానికి దగ్గర పడ్డవాడు. అందరూ ఆయన్ని టేపాయన అనే పిలుస్తారు. మూడో మనిషి ఆఫీసువాడు కాదు, పాత సభ్యుడు. ఎండా వానా లేకపోయినా చేతిలో గొడుగు ఉండాల్సిందే కనుక గొడుగాయన. రెండుసార్లు ఈ వార్డు ఆయనదే. ఈసారి ఆడవాళ్ళకు పోయింది కాబట్టి భార్యను నిలబెడుతున్నాడు. ఆవిడ ఇంతవరకు వీధి మొహం చూడలేదు. ఆవిడ తరఫున నమస్కారాలు కూడా ఈయనే పెడుతున్నాడు.

"ఏం మేస్త్రీ, నువ్వు టీ తాగుతున్నావా, టీ నిన్ను తాగుతోందా?" అన్నాడు టేపాయన.

మేస్త్రి గ్లాసులోకి చూశాడు. "అయిపోయింది" అన్నాడు. సగం ఇంకా ఉంది.

టేపాయన ఒక చేత్తో టేపు లాగుతూ రెండో చేత్తో ప్రతి ఇంటి వెనక గోడ మీదా సుద్దముక్కతో గుర్తు పెడుతున్నాడు. గుర్తు పెట్టేముందు ఇంటివాళ్ళను ఒకటే మాట అడుగుతున్నాడు. "అమ్మా, పొయ్యి ఎక్కడ?" ఈ ఆఫీసు లెక్క పొయ్యి లెక్క. ఒక ఇంటికి రెండు గుమ్మాలుండొచ్చు, మూడు వాటాలుండొచ్చు, పడకలు మేడ మీద ఉండొచ్చు. హద్దు ఇంటి మధ్యలోంచి పోతే ఎవరు ఎటు అన్నది తేలక పూర్వం కోర్టుల దాకా వెళ్ళారట. అప్పట్నుంచి పొయ్యి ఎటుంటే ఇల్లు అటు. పొయ్యి లేకపోతే ఆ ఇల్లు ఖాళీ కింద లెక్క.

"మా పొయ్యికి కూడా ఓటిస్తారా ఏంటి అన్నయ్యా?" అని పక్కింటామె గోడ మీద నుంచి అడిగింది.

"ఇస్తే మంచిదే తల్లీ. మనుషులకన్నా అది నయం, రోజూ పని చేస్తుంది" అన్నాడు టేపాయన.

మేస్త్రి ఇంటి వెనక్కి వచ్చేసరికి సర్వేయరు ఆగాడు. సందులో ప్రతి పదో మూతరాయికీ ఒక ఇనుపకడియం ఉంది. పూడిక తియ్యాలంటే ఆ కడియంలో గునపం దూర్చి రాయి లేపుతారు. ముప్పై ఏళ్ళ కిందట ఆ కాలువ కట్టిందీ, ఆ కడియాలు పెట్టిందీ మేస్త్రే.

"ఇక్కడ ఒకటి లేపి చూద్దాం" అన్నాడు సర్వేయరు.

"ఎందుకు సార్, పటంలో గీత తిన్నగానే ఉందిగా" అన్నాడు గొడుగాయన, పని తొందరగా తెమిలితే టిఫినుకు పోదామని.

"పటం ఆఫీసులోదండీ. నాకు కాలువ కనపడాలి."

టేపాయన గునపం దూర్చి రాయి లేపాడు. కింద నీళ్ళు లేవు. ఎండిన మట్టి ఉంది. మట్టి మీద ఒక జెర్రి పరుగెత్తి పక్క రాతి కిందకు దూరింది. సర్వేయరు వంగి చూశాడు. పై చివర నీళ్ళు లోపలికి పోవడం ఆయన ఇందాకే చూశాడు. కింది చివర బయటికి రావడమూ చూశాడు. మధ్యలో కాలువే లేదు.

"నీళ్ళు ఎటు పోతున్నాయి మరి?"

గొడుగాయన భుజాలెగరేశాడు. టేపాయన తల గోక్కున్నాడు. ఇద్దరూ గడప మీద కూర్చున్న మేస్త్రి వైపు తిరిగారు. చెల్లెలు లోపల పొయ్యి దగ్గర గరిటె ఆపి చూస్తోంది.

"పూడిపోయింది" అంటే చాలు. పక్కనుంచి ఊట దారి చేసుకుని పోతోందంటే ఎవరూ తవ్వి చూసేవాళ్ళు కాదు, ఐదింటిలోపు తవ్వే తీరిక ఎవరికీ లేదు. ఆ మాట మేస్త్రికి తోచింది కూడా. నోటి దాకా రాలేదంతే. దాన్ని నోటి దాకా ఎత్తడానికి కాస్త ఓపిక కావాలి, రెండో ప్రశ్నకు ఇంకాస్త ఓపిక కావాలి.

"మా ఇంట్లోంచి" అన్నాడు.

ముందుగదిలో భార్య మంచం ఏడు నెలలుగా కదల్లేదు. దుప్పటి మడత పెట్టి తలవైపు ఉంది. దాని మీద దువ్వెన. రోజూ ఆయన మంచం పక్కన నేల మీదే పడుకుంటాడు. ఇప్పుడు దువ్వెన తీసి కిటికీలో పెట్టి, మంచాన్ని ఒక్కడే గోడవైపు లాగాడు. నాలుగు కోళ్ళ కింద నాలుగు మరకలు. వాటి మధ్య, గచ్చుకు సమంగా ఒక మూతరాయి, రాతిలో పడుకోబెట్టిన ఇనుపకడియం.

చెల్లెలు గుమ్మంలో నిలబడి ఆ కడియం వైపు చూసింది. రెండేళ్ళు ఆ గది ఊడ్చింది. మంచం కింద చీపురు పోయినంత మేరకు పోనిచ్చింది గానీ ఏనాడూ వంగి చూడలేదు.

గునపంతో రాయి లేపితే చల్లటి గాలి తగిలింది, తర్వాత వాసన. కింద సన్నగా నీళ్ళు పారుతున్నాయి.

"ఇదే ఆ కాలువ అని ఏంటి నమ్మకం?" అన్నాడు గొడుగాయన. ఆయన గొంతులో అనుమానం కన్నా ఆశ ఎక్కువుంది.

చెల్లెలు లోపలికి వెళ్ళి, తెల్లబట్టలకు పెట్టే నీలిమందు సీసా తెచ్చి టేపాయన చేతిలో పెట్టింది. ఆయన సందు పై చివరకు వెళ్ళి సీసా వంచాడు. గదిలో అందరూ ఆ గుంట చుట్టూ చేరి ఎదురుచూశారు. కాసేపటికి నీళ్ళ అంచున నీలం సన్నటి దారంలా వచ్చింది, తర్వాత చీరకొంగంత వెడల్పైంది. అలా నీలంగా పారి వెళ్ళిపోయింది.

"వచ్చేసింది" అన్నాడు సర్వేయరు, పరీక్షలో లెక్క సరిపోయినవాడిలా.

అప్పుడు మేస్త్రి చెప్పాడు. ఎవరూ అడగకముందే, గోడకు సున్నం కొట్టిన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

కాలువ కట్టినప్పుడు మట్టం చూసింది నీళ్ళ గొట్టంతో. గొట్టానికి ఒక కొస ఆయన పట్టుకున్నాడు, రెండో కొస భార్య. అప్పట్లో ఆమె ఆయన దగ్గరే కూలిపని చేసేది. గొట్టంలో ఎక్కడో ఒక గాలిబుడగ ఉండిపోయి, రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలవలేదు. అది చూసుకోకుండా మట్టం పెట్టారు. మధ్యలో నేల జానెడు ఎత్తు తేలింది. నీళ్ళు వదిలితే వచ్చిన దారినే వెనక్కి తిరిగాయి. ఓవర్సీరు సెలవులో ఉన్నాడు. ఈ స్థలం అప్పుడు ఖాళీ, కాస్త పల్లం. మొగుడూ పెళ్ళాం ఇద్దరే మూడు రోజులు తవ్వి కాలువను ఇందులోంచి వంపు తిప్పి, మళ్ళీ సందులో కలిపారు. సందులో మూతరాళ్ళు తిన్నగా పరిచేశారు. ఓవర్సీరు వచ్చి, పైన నడిచి చూసి, శభాష్ అని సంతకం పెట్టాడు. తర్వాత ఈ స్థలం అమ్మకానికి వస్తే వాళ్ళే కొన్నారు. ఇంకెవరైనా కొంటే పునాది తవ్వుతారు కదా.

"అంటే ఇల్లు కావాలని కట్టుకోలేదన్నమాట. మూత కోసం కట్టుకున్నారు" అన్నాడు టేపాయన.

"ఆ" అన్నాడు మేస్త్రి.

చెప్పనిది ఒకటుంది. చివరి నెలల్లో భార్యకు నిద్ర పట్టేది కాదు. ఇల్లు సద్దుమణిగాక ఆమె మంచం మీద నుంచి చెయ్యి కిందకు వేలాడేసి ఆయన భుజం తట్టేది. "నా నడుం కింద నీ తప్పు పారుతోంది. వినపడుతోందా?" అనేది. "నాదేం తప్పు? నువ్వు కొస సరిగ్గా పట్టుకోలేదు" అనేవాడు. "గాలి తియ్యాల్సింది మేస్త్రా, కూలీనా?" ముప్పై ఏళ్ళుగా తేలని తగువు అది. ఆమె నవ్వితే దగ్గు వచ్చేది. దగ్గు వస్తుందని తెలిసీ నవ్వేది.

సర్వేయరు మోకాళ్ళ మీద వంగి, ఆ రాతి మధ్యలోంచి గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సుద్దతో గీత గీశాడు. గీతకు ఇవతల వీధి గుమ్మం, కిటికీ, కుట్టుమిషను. అవతల వంటింటి తలుపు.

"ఇవతల తొమ్మిది, అవతల పది" అన్నాడు. తర్వాత తలెత్తి, "పొయ్యి ఎక్కడమ్మా?" అని అడిగాడు.

చెల్లెలు వంటింటి తలుపు వైపు చూసింది. వంటింట్లోంచి అన్నం పొంగి పొయ్యి మీద పడ్డ చప్పుడు వాళ్ళందరికీ వినిపించింది.

పొయ్యి నిన్నటిదాకా ఈ గదిలోనే ఉంది. ఏడాదిన్నర పైగా. వదిన మంచం మీదే ఉండి వంట చూస్తానంటే, ఉప్పు ఎంత వేస్తున్నారో తన కళ్ళముందు వెయ్యాలంటే, సిలిండరుతో సహా తెచ్చి కిటికీ పక్కన పెట్టారు. ఆమె పోయాక దాన్ని లోపలికి మార్చాలని ఎవరికీ అనిపించలేదు. నిన్న సాయంత్రం చెల్లెలే అంది, "అన్నయ్యా, రేపట్నుంచి ఆడవాళ్ళు వస్తారు, కరపత్రాలు మడవాలి, కూర్చోవడానికి చోటుండాలి. పొయ్యి లోపలికి పెట్టేద్దామా?" ఆయన ఊఁ కొట్టి ఒక పక్క పట్టుకున్నాడు. తన గదిలో, తన భార్య కంటికెదురుగా ఉన్న పొయ్యి అది. పట్టుకుని తీసుకెళ్ళి లోపల పెట్టి చేతులు కడుక్కున్నాడు, అంతే. కిటికీ పక్క గోడ మీద మసి ఇంకా అలాగే ఉంది. దాని కింద పొయ్యి ఆకారంలో తెల్లటి చోటు.

సర్వేయరు ఆ మసి చూశాడు. "పొయ్యి ఇక్కడుండేదా?"

"నిన్నటిదాకా" అంది చెల్లెలు.

"నిన్నటిది నిన్న. మీరు రాసేది ఇవాళ్టిది కదా సార్?" గొడుగాయన గొడుగును నేల మీద ఆనించి రెండు చేతులూ దాని మీద పెట్టుకున్నాడు. "నాకేం లేదు చెల్లెమ్మా, నువ్వు నిలబడితే నాకూ సంతోషమే. రూలు రూలు కదా అని."

"ఇప్పుడే తెచ్చి ఇక్కడ పెడతాను."

సర్వేయరు తల అడ్డంగా ఊపాడు. అతనికి అందులో సంతోషమేమీ లేదు. "గీత గీశాక అదే ఇంట్లో గది మార్చితే చెల్లదమ్మా. ఇల్లే మారితే చెల్లుతుంది. ఐదింటిలోపు తొమ్మిదిలో ఇంకో ఇంటికి మారితే రాస్తాను. పొయ్యి, సిలిండరు, గ్యాసు పుస్తకం మూడూ అక్కడ నా కళ్ళతో చూడాలి. లేకపోతే మీ ఓటు పదిలో. అక్కడే నిలబడండి."

పదిలో ఆమె మొహం ఎరిగినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకామె జాకెట్టు బిగుతైందని తిట్టిపోయింది. ఇంకొకామె కుట్టడానికిచ్చి తిరిగి రాలేదు.

వాళ్ళు పక్కింటికి పోయాక చెల్లెలు వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆపి వచ్చింది. అన్నం అడుగంటిన వాసన గదిలోకి వచ్చింది.

"వదినకు తెలుసా ఈ కాలువ సంగతి?"

"తెలుసు. గొట్టం పట్టుకుంది తనే."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

"ఇంటి కింద కాలువ పోతోందా అని ఎవరడుగుతారు అన్నయ్యా!" ఆమె మిషను ముందు కూలబడింది. "సరే, నాకు చెప్పలేదు. వాళ్ళకెందుకు చెప్పావు? పూడిపోయింది అనలేకపోయావా? ఒక్క మాట."

"తోచింది."

"తోచి?"

"అనలేదు."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఏడాదిన్నర వదినకు అన్నం కలిపి పెట్టింది, ఒళ్ళు తుడిచింది, ఆ తర్వాత ఏడు నెలలు ఈ మనిషికి వండి పెట్టింది. "నా మీద కోపం ఉంటే చెప్పు. పొయ్యి జరిపానని కోపమా? పోనీ, తిట్టు. అదీ లేదు. నీకు నా మీద అసలు ఏమీ లేదా అన్నయ్యా?"

మేస్త్రి తనలో వెతుక్కున్నాడు. తాళంచెవి కోసం జేబులు తడుముకునే మనిషిలా, తీరిగ్గా, ఒక్కొక్క జేబూ తడిమినట్టు వెతికాడు. కోపం లేదు. జాలి లేదు. చెల్లెలి మీద ఉండాల్సినది ఎక్కడో పెట్టి మర్చిపోయినట్టుంది. ఉందన్న సంగతి తెలుసు. చేతికి తగలడం లేదు.

లేచాడు. వంటింట్లోకి వెళ్ళి సిలిండరు మీటను తిప్పి, రెగ్యులేటరు ఊడదీసి, గొట్టం చుట్ట చుట్టాడు. చుట్టేముందు, ఎందుకో, దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఎదురింటి ముసలమ్మకు వీధి గది ఖాళీగా ఉందిగా. వెళ్ళి అడుగు."

చెల్లెలు లేచి నిలబడింది. "పొయ్యి తీసుకుపోతే ఇక్కడ? మనకున్నది ఒకటే పొయ్యి, ఒకటే పుస్తకం."

"ఇక్కడేం ఉంది వండటానికి."

ముసలమ్మ అడిగిన మాట పూర్తికాకముందే గది తలుపు తీసింది. లోపలి విరిగిన కుర్చీలు బయట పడేయించింది. "నా వీధి గదిలోంచి సభ్యురాలు పుడుతుందంటే కాదంటానా? ఇక్కడ కోడి కూడా పొదగలేదు ఇన్నాళ్ళూ" అంది. సంగతి వీధంతా పాకి ఆడవాళ్ళు తలో చెయ్యీ వేశారు. ఒకామె గిన్నెలు, ఒకామె మిషను పీట, ఒకామె దారపుకండెల డబ్బా. ఇస్త్రీ చేసే ఆమె గ్యాసు పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డను మోసినట్టు వీధి దాటించింది.

మిషను తల మేస్త్రి మోశాడు. తర్వాత సిలిండరు దొర్లించాడు. చివరికి పొయ్యి. వీధి మధ్యలో సైకిలు మీద పోయే ఒకాయన ఆగి "ఇల్లు మారుతున్నారా మేస్త్రీ?" అని అడిగాడు.

"లేదు, వార్డు" అన్నాడు మేస్త్రి.

అదేదో హాస్యమనుకుని ఆయన నవ్వుకుంటూ పోయాడు.

నాలుగున్నరకు కొలతలవాళ్ళు ముసలమ్మ గదికి వచ్చారు. గొడుగాయన వాళ్ళకన్నా ముందే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సర్వేయరు పొయ్యి చూశాడు, సిలిండరు చూశాడు, పుస్తకంలోని పేరు చూశాడు. వదిన పోయాక మేస్త్రి గ్యాసు ఆఫీసుకు పోనంటే చెల్లెలే తిరిగి తన పేరుకు మార్పించుకున్న పుస్తకం అది.

"ఉంటే సరిపోతుందా సార్? వెలగాలి కదా" అన్నాడు గొడుగాయన.

చెల్లెలు వెలిగించింది.

"వెలిగితే సరా? ఏదైనా ఉడకాలి. ఊరికే మంట చూపిస్తే నేనూ అగ్గిపుల్ల గీసి చూపిస్తాను."

"టీ పెట్టమ్మా. పొద్దుట్నుంచి నడిచి నడిచి రూలు గొంతు ఎండిపోయింది" అన్నాడు టేపాయన.

టీ మరిగింది. ఆరు గ్లాసుల్లో పోసి అందరికీ ఇచ్చింది, గొడుగాయనకు కూడా. మొదటి గుక్కకే టేపాయన మొహం ముడతలు పడింది. సర్వేయరు గ్లాసు పక్కన పెట్టాడు. పంచదార డబ్బా అవతలి ఇంట్లోనే ఉండిపోయింది. మేస్త్రి తన గ్లాసు అడుగు దాకా తాగి కింద పెట్టాడు.

"రాస్తున్నాను" అన్నాడు సర్వేయరు. "పొయ్యి ఒకటి. మనుషులు... మీరొకరు. మీ అన్నగారిని కూడా ఇక్కడే రాయమంటారా?"

"రాయండి. నా చేతి అన్నమే తింటాడు."

"తిండి ఇక్కడైతే అయిందా?" గొడుగాయనకు ఇంకా ఓపిక ఉంది. "పడక ఎక్కడ? అడగండి సార్. ఒక్క మాట అడగండి."

సర్వేయరు మేస్త్రి వైపు తిరిగాడు. "మీరూ ఇక్కడికే మారారా?"

గదంతా ఆయన వైపు చూసింది. ఈసారి కూడా ఒక్క మాటే. చెల్లెలు కళ్ళతోనే ఆ మాట అందించింది. ముసలమ్మ ఐతే పెదవులు కదిపి చూపించింది కూడా. మేస్త్రికి అది తోచింది. పొద్దున తోచినట్టే. కానీ పొద్దున అడ్డం పడింది ఓపిక లేకపోవడం. ఇప్పుడు అడ్డం పడింది వేరే. గచ్చు మీద నాలుగు కోళ్ళ మరకలు, నేలకు చెవి ఆనిస్తే వినపడే చప్పుడు. అది వదిలి ఇంకోచోట పడుకుంటానని చెప్పడానికి నోరు తెరిచి చూశాడు.

"నేను అక్కడే పడుకుంటాను" అన్నాడు.

"అక్కడ పొయ్యి లేదు కదండీ. పొయ్యి లేని ఇంట్లో మనిషిని రాయడానికి గడి లేదు. మీ పేరు ఎక్కడా ఉండదు."

"ఉండకపోతే ఉండదు."

చెల్లెలు పొయ్యి ఆపింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "మొదటి ఓటే పోయింది నాకు" అంది. నవ్విందో మరేమిటో చెప్పడం కష్టం. వెనక నిలబడ్డ ఇస్త్రీ ఆమె మాత్రం పెద్దగా నవ్వేసి, "పోతే పోయింది, మా ఇంట్లో ఐదున్నాయి" అంది.

గొడుగాయన గొడుగు తీసుకుని లేచాడు. ఐదుకు ఇంకా ఏడు నిమిషాలుండగా సర్వేయరు సంతకం పెట్టాడు.

మేస్త్రి ఇంటికి వచ్చాడు. వంటింట్లో పొయ్యి ఉండే బల్ల మీద అడుగంటిన అన్నం గిన్నె ఒక్కటే ఉంది. ముందుగదిలో మూతరాయి పక్కకే ఉంది, పొద్దున లేపినట్టే. వంగి చూశాడు. నీలం ఎప్పుడో పోయింది. మామూలు నీళ్ళు, మామూలు రంగు. రాతిని రెండు చేతులా ఎత్తి దాని చోట్లో దించాడు. అంచుల్లో సిమెంటు పూడ్చాలి, అది రేపు చేయొచ్చు. మంచాన్ని లాగి కోళ్ళు సరిగ్గా ఆ నాలుగు మరకల మీదికి వచ్చేలా సర్దాడు. కిటికీలో దువ్వెన తీసి దుప్పటి మీద పెట్టాడు. సుద్దగీత మంచం కింద నుంచి రెండు వైపులా బయటికి కనబడుతోంది. చెరపలేదు.

గుమ్మం దగ్గర అలికిడైతే బయటికి వచ్చాడు. టేపాయన చేతిలో సుద్దముక్కతో నిలబడి ఉన్నాడు. లోపలికి చూడకుండా, మేస్త్రి మొహంలోకి చూడకుండా, తలుపు రెక్క వైపు చూస్తున్నాడు.

"మేస్త్రీ, ఏమనుకోకు. కాస్త పక్కకు జరుగు. ఖాళీ అని రాయాలి."

మేస్త్రి పక్కకు జరిగాడు. టేపాయన ఒక కాలు గడప మీద పెట్టి, తలుపు మీద పెద్ద అక్షరాలతో రాశాడు. సుద్ద కిర్రుమంది. రాశాక కాస్త వెనక్కి జరిగి, వంకర వచ్చిందేమోనని చూసి, ఆ రెండో అక్షరాన్ని మళ్ళీ దిద్దాడు.

"పనిలో వంకర ఉండకూడదు కదా" అన్నాడు.

"ఆ" అన్నాడు మేస్త్రి.

ఎదురింటి గదిలో మళ్ళీ పొయ్యి వెలిగింది. గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు, ఆడవాళ్ళ మాటలు. ఆ మాటల మీదుగా చెల్లెలి గొంతు వీధి దాటి వచ్చింది.

"అన్నయ్యా, వచ్చేటప్పుడు ఆ పంచదార డబ్బా పట్టుకురా!"

ఆయన లోపలికి వెళ్ళి డబ్బా తీసుకుని, తలుపు దగ్గరికి వేసి, వీధి దాటాడు.